తేలు తోకా, రెండేసి జన్యువులూ

మేము అరిజోనాలోని చాండ్లర్‌కు మారిన మొదటి వేసవిలో, ఇల్లు అద్దెకిచ్చిన పెద్దాయన తాళంచెవులతో పాటు ఒక చిన్న అతినీలలోహిత టార్చిని కూడా నా చేతిలో పెట్టి, చీకటి పడ్డాక గ్యారేజీ గోడలనూ పెరటి ప్రహరీనీ చూసుకుంటూ ఉండమని చెప్పారు. ఆ రాత్రే చూశాను. ప్రహరీ మీద, తల కిందికి పెట్టుకుని, రేడియం పూసిన గడియారపు ముల్లులాగా పచ్చగా వెలుగుతూ ఒక తేలు కదలకుండా ఉంది. పొడవు నా చూపుడువేలంత కూడా లేదు. ప్రకాశం జిల్లాలో మా అమ్మమ్మగారింట కట్టెల మోపు కదిలిస్తే బయటపడే మండ్రగబ్బ నల్లగా నిగనిగలాడుతూ దీనికి రెండింతలు ఉండేది. అయినా ఈ సన్నని గోధుమరంగు తేలుదే ఎక్కువ ప్రమాదకరమైన విషమని, అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఉన్న తేళ్ళన్నింటిలోకి దీనికే జాగ్రత్తపడాలని తరువాత తెలుసుకున్నాను. ఇక్కడివారు దీన్ని బార్క్ స్కార్పియన్ అంటారు. శాస్త్రీయ నామం సెంట్రురాయిడెస్ స్కల్ప్‌చురేటస్.

ఆ పేరు నాకు అంతకుముందే తెలుసు. ఒంగోలులో బీజడ్సీ చదివి, ఆ తరువాత ఉద్యోగం కోసం కంప్యూటర్ల వైపు వచ్చేసినా, జంతుశాస్త్రం మీద ఇష్టం నన్ను వదలలేదు. జన్యువులు రెట్టింపు కావడానికీ జంతువుల శరీర నిర్మాణం మారడానికీ ఉన్న సంబంధం గురించి చదువుతున్న రోజుల్లో ఈ తేలు పేరు పదే పదే ఎదురయ్యేది. పుస్తకంలో చదివిన ప్రాణి మా ఇంటి గోడ మీదే ఉందన్న సంతోషం భయాన్ని చాలావరకు పోగొట్టింది. అప్పటి నుంచి ఈ విషయం మీద తెలుగులో వివరంగా రాయాలని అనుకుంటూనే ఉన్నాను. ముఖ్యంగా, ఈ పరిశోధన గురించి ఎక్కడ మాట వచ్చినా "జన్యువులు రెట్టింపయ్యాయి, అందుకే తేలుకు తోక వచ్చింది" అని ఒక్క వాక్యంలో తేల్చేయడం విని విని, ఆ వాక్యంలో సగమే నిజమని చెప్పాలని ఈ వ్యాసానికి పూనుకున్నాను.

ముందుగా తేలు శరీరాన్ని దగ్గరగా చూడాలి. కిందటేడు గ్యారేజీలో చచ్చిపడి ఉన్న ఒక తేలును గాజు సీసాలో వేసి, భూతద్దం కింద పెట్టి, కాలేజీ రికార్డు పుస్తకానికి బొమ్మ వేసినప్పటిలాగా తల నుంచి కొండి దాకా ఒక్కొక్క ఖండితాన్నీ లెక్కపెట్టాను. ముందు భాగమైన శిరోవక్షానికి ఆరు జతల ఉపాంగాలు ఉన్నాయి. నోటి దగ్గర ఎరను చీల్చే చిన్న కెలిసెరాలు ఒక జత, ఎరను పట్టుకునే పట్టకార్లు ఒక జత, నడిచే కాళ్ళు నాలుగు జతలు. దాని వెనుక పైనుంచి చూస్తే ఏడు పలకలుగా కనిపించే వెడల్పైన భాగం ఉంది. అది దాటాక సన్నగా, గొలుసు కడియాల్లాగా ఐదు ఖండితాలు, చివర విషపు సంచితో కూడిన కొండి.

వెల్లకిలా తిప్పి చూస్తే అసలు వైవిధ్యం తెలుస్తుంది. వెడల్పైన భాగంలో మొదటి ఖండితం అడుగున జననరంధ్రాన్ని కప్పే చిన్న మూత ఉంటుంది. దాని వెనుకే రెండు వైపులా పళ్ళున్న దువ్వెనల జత ఉంటుంది. తేలు నడిచేటప్పుడు ఈ దువ్వెనలను నేల మీద ఆనించి, నేల గరుకుదనాన్నీ ఇతర తేళ్ళు వదిలిన రసాయనాల జాడనూ పసిగడుతుంది. ఇలాంటి అవయవం భూమి మీద తేళ్ళకు తప్ప ఇంకే జంతువుకూ లేదు. ఆ తరువాతి నాలుగు ఖండితాలలో ఒక్కొక్క జత చొప్పున సన్నని చీలికలు కనిపిస్తాయి. అవి పుస్తకాకార ఊపిరితిత్తుల ద్వారాలు. లోపల పల్చని పొరలు పుస్తకం పేజీల్లాగా ఒకదానిపై ఒకటి పేర్చి ఉంటాయి కాబట్టి ఆ పేరు వచ్చింది. ఏడో ఖండితానికి ఉపాంగం ఏదీ లేదు. ఆ తరువాత తోక మొదలవుతుంది. వీటన్నింటికీ ముందు, జననరంధ్రానికి పైన, పిండదశలో కనిపించి పెద్దయ్యాక కనుమరుగయ్యే ఖండితం ఇంకొకటి కూడా ఉంది. అంటే శిరోవక్షం వెనుక ఉన్న భాగంలోనే ఆరు రకాల ఖండితాలు ఉన్నాయన్నమాట. సాలెపురుగులు, నల్లులు (మంచాల్లో ఉండేవి కావు, మొక్కల మీద కనిపించే ఎర్రనల్లి వంటివి), పిడుదులు, గుర్రపునాడా పీతలు ఉన్న ఈ మొత్తం వర్గంలో ఇంత తేడాగా మలచిన శరీరం మరొకటి లేదు.

ఇక తోక సంగతి. మనం తేలు తోక అంటున్నది నిజానికి తోక కాదు. కుక్క తోకలోనో పిల్లి తోకలోనో పేగు ఉండదు. మలద్వారం తోక మొదట్లోనే ఉంటుంది, తోక దాని తరువాత వచ్చే భాగం. తేలుకైతే పేగు ఆ ఐదు ఖండితాల గుండా చివరి దాకా వెళ్తుంది, మలద్వారం ఐదో ఖండితం చివర, కొండికి సరిగ్గా ముందు ఉంటుంది. నరాల తాడు కూడా అందులోకి సాగుతుంది. అందుచేత అది సన్నబడిన పొట్ట, ఉదరం వెనుక భాగం. దీనికి ప్రకృతి చూపించిన ఒక నిదర్శనం నన్ను చాలా కలచివేసింది. దక్షిణ అమెరికాలో అనాంటెరిస్ అనే ప్రజాతికి చెందిన తేళ్ళు శత్రువు చేతికి చిక్కినప్పుడు బల్లిలాగా తోకను తెంచుకుని పారిపోతాయని 2015లో ప్రచురించిన ఒక అధ్యయనం తెలిపింది. బల్లికి తోక మళ్ళీ మొలుస్తుంది. ఈ తేలుకు మొలవదు. తెగిన చోట గాయం మానిపోతుంది కాని, తోకతో పాటు మలద్వారం కూడా పోయినందువల్ల మలం లోపలే పేరుకుపోతుంది. అలాంటి స్థితిలో కూడా మగ తేళ్ళు కొన్ని ఎనిమిది నెలల దాకా బతికి, ఆడ తేళ్ళతో జతకట్టగలిగాయట. శరీరంలో ఒక భాగాన్నే వదులుకుని బతకడం అంటే ఏమిటో ఆ తేలుకు తెలుసు.

కాబట్టి "తేలుకు తోక ఎలా వచ్చింది" అన్న ప్రశ్నను సరిగ్గా అడగాలంటే "ఒకే రకంగా ఉండవలసిన ఉదర ఖండితాలలో కొన్ని దువ్వెనలుగా, కొన్ని ఊపిరితిత్తులుగా, కొన్ని సన్నని కడియాలుగా ఎలా వేరుపడ్డాయి" అని అడగాలి. ఈ ప్రశ్నకు దారి చూపింది ఈగల మీద జరిగిన పని. కాలిఫోర్నియాలోని కాల్టెక్‌లో ఎడ్వర్డ్ లూయిస్ దశాబ్దాల పాటు పండ్ల ఈగలను పెంచుతూ, కొన్ని ఉత్పరివర్తనల (జన్యువులలో వచ్చే మార్పుల) వల్ల ఈగ శరీరంలో ఒక ఖండితం పక్క ఖండితంలాగా మారిపోవడాన్ని గమనించారు. రెండు రెక్కలే ఉండవలసిన ఈగకు నాలుగు రెక్కలు వచ్చాయి. వక్షంలోని మూడో ఖండితం తాను మూడోదాన్నన్న సంగతి మరిచి రెండోదానిలాగా పెరగడమే దానికి కారణం. ప్రతి ఖండితానికీ "నీవు ఫలానా" అని చెప్పే జన్యువులు ఉన్నాయని, అవి క్రోమోజోము మీద వరుసగా అమరి ఉన్నాయని, ఆ వరుసా శరీరంలో తల నుంచి వెనక్కు అవి పనిచేసే చోట్ల వరుసా ఒకటేనని ఆయన చూపించారు. 1995లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఆ జన్యువులనే ఇప్పుడు హాక్స్ జన్యువులు అంటున్నాము. కీళ్ళ కాళ్ళ జంతువులన్నింటి పూర్వీకునికి ఇవి పది ఉండేవని అంచనా.

హాక్స్ జన్యువు తానుగా కాలునో రెక్కనో కట్టదు. అది తయారుచేసే ప్రోటీను ఇతర జన్యువులను పట్టుకుని కొన్నింటిని పనిలోకి దింపుతుంది, కొన్నింటిని ఆపుతుంది. పిండం ఎదిగేటప్పుడు ఒక్కొక్క హాక్స్ జన్యువు ఒక నిర్ణీత ఖండితం దగ్గర మొదలై వెనక్కు పనిచేస్తుంది. ఆ మొదలయ్యే సరిహద్దును మాగాణి గట్టుతో పోల్చుకోవచ్చు. నాలుగు గట్లు వేస్తే పొలం ఐదు మళ్ళుగా విడుతుంది, ఒక్కొక్క మడిలో వేరే పంట వేయవచ్చు. శరీరం వెనుక భాగంలో పనిచేసే హాక్స్ జన్యువులు ప్రధానంగా నాలుగే. యాంటెన్నపీడియా, అల్ట్రాబైథొరాక్స్, అబ్డామినల్-ఎ, అబ్డామినల్-బి. తేలు ఉదరంలో అన్ని రకాల ఖండితాలు ఉన్నప్పుడు ఈ నాలుగు గట్లు ఎలా సరిపోయాయన్నది సహజంగా వచ్చే సందేహం.

ఇక్కడ రెట్టింపు సంగతి వస్తుంది. జన్యువులు రెట్టింపు కావడం అరుదైన వింత కాదు. క్రోమోజోములు జతగా చేరి ముక్కలు మార్చుకునేటప్పుడు అంచులు సరిగ్గా కలవకపోతే ఒకదానికి ఒక ముక్క అదనంగా, రెండోదానికి తక్కువగా పోతుంది. పండ్ల ఈగ కంటిని సన్నని పట్టీలాగా మార్చే లక్షణం క్రోమోజోములో ఒక ముక్క రెండుసార్లు ఉండడం వల్లనే వస్తుందని కాల్విన్ బ్రిడ్జెస్ 1936లోనే చూపించారు. ఇంకా పెద్ద ఎత్తున, బీజకణం ఏర్పడేటప్పుడు క్రోమోజోములు విడిపోకుండా మొత్తం జన్యుసంపుటి, అంటే ప్రాణి జన్యువులన్నీ కలిపి, అలాగే నిలిచిపోతే, పుట్టే సంతానంలో ప్రతి జన్యువుకూ నకలు ఉంటుంది. ఇలా రెట్టింపు కావడమే పరిణామంలో కొత్తదనానికి ముఖ్యమైన మూలమని జపాన్ మూలాలున్న శాస్త్రవేత్త సుసుము ఓనో 1970లో గట్టిగా వాదించారు. ఉన్న ఒక్క జన్యువూ తప్పనిసరి పని చేస్తున్నప్పుడు దాన్ని మారనివ్వకుండా ప్రకృతివరణం కాపలా కాస్తుంది, మార్పు వచ్చిన ప్రాణి బతకదు. రెండో ప్రతి ఉన్నప్పుడు మాత్రం ఒకటి పాత పని చూసుకుంటుంటే రెండోది మారగలుగుతుంది.

నేను దీన్ని మా ఇంటి సంగతితోనే అర్థం చేసుకున్నాను. మా తాతగారికి ఇద్దరు కొడుకులు. పెద్దాయన, అంటే మా నాన్న, పొలం చూసుకున్నారు. ఆ భరోసా ఉన్నందువల్లనే మా బాబాయి ఊరు వదిలి వెళ్ళి మోటారు వైండింగ్ పని నేర్చుకోగలిగారు. ఒక్క కొడుకే ఉంటే పొలం విడిచి వెళ్ళే వీలుండేది కాదు. నకలు జన్యువులలో ఒకటి కొత్త పని నేర్చుకోవడం ఇలాంటిదే. ఇంకొక దారి కూడా ఉంది. అన్నదమ్ములు పొలాన్ని పంచుకున్నట్లుగా, పాత జన్యువు చేసే రెండు పనులలో ఒక్కొక్కటి ఒక్కొక్క ప్రతి తీసుకోవచ్చు. అప్పుడు కొత్త పనేమీ పుట్టకపోయినా రెండు ప్రతులూ అవసరమైనవే అవుతాయి. అయితే ఎక్కువ సందర్భాలలో జరిగేది ఈ రెండూ కాదు. నకలులో పొరపాట్లు పేరుకుని అది పనికిరాకుండా పోతుంది, చివరకు జన్యుసంపుటి నుంచే చెరిగిపోతుంది. రెట్టింపు గురించి మాట్లాడేవారు ఈ మూడో దారిని తరచుగా మరిచిపోతుంటారు.

2014లో ప్రశాంత్ శర్మ, ఎవలిన్ ష్వాగర్, కాసాండ్రా ఎక్స్‌టావర్, వార్డ్ వీలర్ రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురించిన పరిశోధన మా గోడ మీద పాకే ఈ తేలు గురించే. తేలు పిండాలలో హాక్స్ జన్యువులను వెతికితే, పది ఉండవలసిన చోట పందొమ్మిది దొరికాయి. హాక్స్-3 అనే ఒక్క జన్యువుకు తప్ప మిగిలిన తొమ్మిదింటికీ రెండేసి ప్రతులు ఉన్నాయి. ఒక్కొక్క జన్యువు విడివిడిగా తొమ్మిదిసార్లు రెట్టింపయిందని అనుకోవడం కష్టం కాబట్టి, హాక్స్ జన్యువుల వరుస మొత్తమో, మొత్తం జన్యుసంపుటో ఒక్కసారిగా రెట్టింపయి ఉంటుందని వారు సూచించారు. అంతకంటే విలువైనది ఆ తరువాతి పరిశీలన. ఏ జన్యువు పిండంలో ఎక్కడ పనిచేస్తున్నదో రంగు ద్వారా కనిపించే పద్ధతిలో చూసినప్పుడు, వెనుక భాగపు నాలుగు జన్యువుల ఎనిమిది ప్రతులూ ఎనిమిది వేరు వేరు సరిహద్దుల దగ్గర మొదలవుతున్నాయి. అక్కాచెల్లెళ్ళ వంటి రెండు ప్రతులు కూడా ఒకే చోట మొదలవడం లేదు. ఆ సరిహద్దులు దువ్వెనలు, ఊపిరితిత్తులు, తోక వంటి ఖండితాల గుంపులను ఒకదాని నుంచి ఒకటి వేరుచేసే విధంగా ఉన్నాయి, అయినా తల నుంచి వెనక్కు ఉండవలసిన పాత వరుస మాత్రం చెదరలేదు. నాలుగు గట్ల పొలంలో ఎనిమిది గట్లు పడ్డాయి.

ఆ చిత్రాలను మొదటిసారి చూసిన రాత్రి నేను చాలాసేపు నిద్రపోలేదు. డిగ్రీలో పలామ్నియస్ అనే పాత పేరుతో మా పాఠ్యపుస్తకంలో ఉన్న తేలు బొమ్మకు భాగాల పేర్లు బట్టీపట్టి రాసినప్పుడు, ఆ భాగాలు అలా ఎందుకు వేరుపడ్డాయని అడగాలనే ఊహ కూడా నాకు రాలేదు. ఏ గట్టు ఎక్కడ పడిందో కంటితో చూడగలమని అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే నా దారి వేరుగా ఉండేదేమో.

మొత్తం జన్యుసంపుటి రెట్టింపయిందా లేదా అన్న ప్రశ్నకు 2017లో సమాధానం వచ్చింది. ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్ విశ్వవిద్యాలయంలో అప్పుడు పనిచేస్తున్న అలిస్టెయిర్ మెక్‌గ్రెగర్‌తో పాటు అనేక దేశాల పరిశోధకులు కలిసి, పారాస్టియాటోడా టెపిడేరియోరమ్ అనే ఇంటి సాలెపురుగు జన్యుసంపుటినీ ఈ అరిజోనా తేలు జన్యుసంపుటినీ పోల్చి చూశారు. రెండింటిలోనూ జన్యువులు పెద్ద ఎత్తున జతలుగా ఉన్నాయి. ఆ జతలు తేలులో ఒకసారి, సాలెపురుగులో ఒకసారి విడిగా పుట్టినవి కావు, రెండింటి ఉమ్మడి పూర్వీకునిలో ఒకేసారి పుట్టినవి. 43 కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళలోనే తేళ్ళ శిలాజాలు దొరుకుతున్నాయి కాబట్టి ఆ రెట్టింపు అంతకుముందే జరిగి ఉండాలి. పిడుదులలో, నల్లులలో, సాలెపురుగుల్లాగా కనిపించే పొడుగుకాళ్ళ ఓపిలియోన్లలో దాని జాడ లేదు.

ఈ పోలికలో నాకు అన్నింటికంటే నచ్చిన వివరం చాలా చిన్నది. సాలెపురుగులో కూడా హాక్స్ జన్యువులు పందొమ్మిదే. తేలులో నకలు పోగొట్టుకున్నది హాక్స్-3 అయితే, సాలెపురుగులో పోగొట్టుకున్నది ఫుషి తరాజు అనే మరొక హాక్స్ జన్యువు. రెండు కుటుంబాలు ఒకే ఆస్తితో విడిపోయి, తరువాత ఎవరి ఇంట్లో వారు వేరే వేరే నగ పోగొట్టుకున్నట్లుగా ఉంది. ఉమ్మడి రెట్టింపు ముందు, విడివిడి నష్టం తరువాత అన్న క్రమం ఈ ఒక్క సంగతిలోనే కనిపిస్తుంది. ఇన్ని కోట్ల ఏళ్ళలో మిగిలిన తొమ్మిదేసి జతలు చెరిగిపోకుండా నిలవడం కూడా తేలిగ్గా తీసుకోవలసినది కాదు. సంపుటి మొత్తం రెట్టింపయినప్పుడు జన్యువుతో పాటు దాన్ని నడిపే మీటలూ (అది ఎక్కడ, ఎప్పుడు పనిచేయాలో నిర్ణయించే డీఎన్ఏ ముక్కలూ), దానితో కలిసి పనిచేసే సహచర జన్యువులూ కూడా రెట్టింపవుతాయి. అప్పుడు ఒక్కదాని నకలు పోతే మిగిలినవాటితో పాళ్ళు తప్పుతాయి. కాబట్టి అటువంటి నకళ్ళు కొంతకాలం నిలిచి ఉండే అవకాశం ఎక్కువ, ఆ వ్యవధిలోనే వాటికి కొత్త పని కుదరవచ్చు. మన వెన్నెముక జీవుల కథ కూడా ఇటువంటిదే. తొలి దశలో రెండుసార్లు సంపుటి రెట్టింపయినందువల్ల మనిషిలో హాక్స్ జన్యువులు నాలుగు వరుసలుగా, మొత్తం 39 ఉన్నాయి.

ఇప్పుడు నేను మొదట్లో సగమే నిజమన్న వాక్యం దగ్గరికి వస్తాను. రెట్టింపు సాలెపురుగుల, తేళ్ళ ఉమ్మడి పూర్వీకునిలో జరిగిందంటే, అదే అదనపు జన్యువులు సాలెపురుగుకు కూడా అందాయి. సాలెపురుగుకు తోక ఏది? దాని ఉదరం ఖండితాల గీతలు కూడా పైకి కనిపించని ఒక గుండ్రని సంచి. దాని నకలు జన్యువులు కూడా ఖాళీగా లేవు, అవి కూడా వేరు వేరు చోట్ల, వేరు వేరు సమయాలలో పనిచేస్తున్నాయి. అయినా ఆ శరీరం వేరే దారిలో సాగి, ఉదరం అడుగున ఉన్న ఉపాంగాలు దారం తీసే అవయవాలుగా మారాయి. ఇంకా దగ్గరి ఉదాహరణ మిథ్యా తేలు. పాత పుస్తకాల పేజీల మధ్య కొన్నిసార్లు కనిపించే ఈ చిన్న ప్రాణికి తేలు పట్టకార్ల వంటి పట్టకార్లు ఉంటాయి, తోక ఉండదు. 2021లో వచ్చిన పరిశోధన ఇది తేళ్ళకు అతి దగ్గరి బంధువని, సంపుటి రెట్టింపు దీనిలో కూడా ఉందని చూపించింది. దీనికి తోక లేదు, దువ్వెన లేదు, పుస్తకాకార ఊపిరితిత్తులు కూడా లేవు, గాలి గొట్టాలతో ఊపిరి తీసుకుంటుంది. గుర్రపునాడా పీతలలో కూడా విడిగా సంపుటి రెట్టింపులు జరిగాయి. అయినా వాటి బాహ్యరూపం కోట్ల ఏళ్ళ నాటి శిలాజాలలో ఎలా ఉందో దాదాపు అలాగే ఉంది.

అందుచేత రెట్టింపు తోకను ఇవ్వలేదు. అది గట్లు వేయడానికి కావలసిన మట్టిని ఇచ్చింది. ఆ మట్టితో ఎక్కడ గట్టు వేయాలన్నది ఆ తరువాత, ఒక్కొక్క వంశంలో విడిగా, జన్యువుల పక్కన ఉన్న మీటలలో వచ్చిన మార్పుల వల్ల తేలింది. ఎవరైనా రెట్టింపును కారణమని చెప్పినప్పుడు, అదే రెట్టింపు ఉన్న పక్కింటివారికి ఏమైందని అడగడం మంచి అలవాటు అని నా అభిప్రాయం.

ఇదే జాగ్రత్త కాలి విషయంలోనూ అవసరం. సాలెపురుగు కాలిలో పటెల్లా అనే ఒక ఖండితం ఉంది. డాక్స్‌హుండ్ అనే జన్యువుకు ఉన్న రెండు ప్రతులలో రెండోదాన్ని పనిచేయకుండా ఆపితే, పటెల్లా పక్కన ఉన్న టిబియా అనే ఖండితంతో అతుక్కుపోతుందని ఇంటి సాలెపురుగు మీద జరిపిన ప్రయోగంలో తేలింది. నకలు జన్యువు ఒక నిర్దిష్టమైన పని చేపట్టిందనడానికి ఇది మంచి ఆధారం. అయితే రెట్టింపు లేని ఓపిలియోన్ల కాలిలో కూడా పటెల్లా ఉంది. కాబట్టి రెండో ప్రతి ఆ ఖండితాన్ని కొత్తగా సృష్టించిందనడం కంటే, సాలెపురుగులో దాని బాధ్యతను తీసుకుందనడమే నాకు సబబుగా తోస్తుంది.

దీనికి పూర్తిగా ఎదురు దిశలో నడిచిన జీవి మన రైతులకు బాగా తెలుసు. వంగ, బెండ, గులాబీ ఆకుల అడుగున సన్నని గూడు అల్లుకుని రసం పీల్చే ఎర్రనల్లి, టెట్రానికస్ అర్టికే. దాని జన్యుసంపుటిని 2011లో ప్రచురించినప్పుడు, అది చాలా చిన్నదని, అందులో అబ్డామినల్-ఎ జన్యువే లేదని తెలిసింది. నల్లి శరీరం వెనుక భాగం కూడా బాగా కుదించుకుపోయి ఉంటుంది. ఒకే వర్గంలో ఒక చివర జన్యువులు రెండేసి అయిన పొడవైన తేలు, మరొక చివర జన్యువు పోగొట్టుకున్న పొట్టి నల్లి ఉన్నాయి. అక్కడ కూడా జన్యువు పోవడం ముందా, శరీరం కుదించుకుపోవడం ముందా అన్నది వేరే ప్రశ్న.

విషం సంగతి వేరు, క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. కొండిలోని విష ప్రోటీన్లు కూడా రెట్టింపుల ద్వారా పెరిగిన పెద్ద కుటుంబాలే, వాటిలో కొన్నింటికి సూక్ష్మజీవుల నుంచి శరీరాన్ని కాపాడే డిఫెన్సిన్లతో చుట్టరికం ఉంది. అవి జన్యువు వెంట జన్యువుగా, తరువాతి కాలంలో పెరిగినవి. హాక్స్ జన్యువుల రెట్టింపుతో వాటిని కలిపి చెప్పడం సరికాదు.

తేలు విషయంలో మన దగ్గర ఉన్న ఆధారం ప్రస్తుతానికి పొందికకు సంబంధించినది. ఎనిమిది సరిహద్దులూ ఖండితాల గుంపులూ చక్కగా కలిసిపోతున్నాయి. ఈగలో చేసినట్లుగా, సాలెపురుగులో చేసినట్లుగా, ఫలానా జన్యువును ఆపితే తోక మొదటి ఖండితం ఊపిరితిత్తుల ఖండితంలాగా మారుతుందా అని చూస్తేనే ఆ పొందిక రుజువవుతుంది. ఆ ప్రయోగానికి తేలు శరీరమే అడ్డు. సాలెపురుగు గుడ్లు పెట్టి గూడులో చుడుతుంది, ఆ గుడ్లను తీసి సూదితో మందు ఎక్కించవచ్చు, వారం రోజుల్లో పిల్లలు వస్తాయి. తేలు గుడ్లు పెట్టదు. పిండాలు తల్లి కడుపులోనే నెలల తరబడి ఎదుగుతాయి. వాటిని చూడాలంటే తల్లిని చంపవలసిందే, తీసిన పిండాన్ని బయట పెంచి పెద్దచేయడం సాధ్యమయ్యే పని కాదు. అందుకే ఆ 2014 నాటి చిత్రాలలో ఒక్కొక్క పిండం వెనుకా ఎంత ఓపిక ఉందో నాకు అర్థమవుతుంది.

కిందటి జూలైలో, వాన పడిన మర్నాటి రాత్రి, నీటి మీటరు పెట్టె మూత తీసి టార్చి వేసినప్పుడు ఒక ఆడ తేలు కనిపించింది. కాళ్ళు, పట్టకార్లు, కొండి పచ్చగా వెలుగుతున్నాయి కాని వీపు మాత్రం మసకగా, తెల్లని ముద్దలాగా ఉంది. మామూలు టార్చి తెచ్చి, చేయి దూరంగా పెట్టి చూశాను. వీపు నిండా పిల్లలు, ఒకదానిపై ఒకటి ఎక్కి ఇరవైకి పైగా ఉన్నాయి. మొదటి కుబుసం విడిచే దాకా అవి అక్కడే ఉంటాయి, చర్మం ఇంకా గట్టిపడలేదు కాబట్టి తల్లిలాగా వెలగవు. అంచున ఉన్న ఒక పిల్ల కొంచెం పక్కకు ఒరిగి, బియ్యపు గింజంత ఒంటి మీదికి తన తోకను చుట్టుకుని పడుకుంది. ఆ తోకలో ఐదు ఖండితాలూ అప్పటికే విడివిడిగా ఉన్నాయి, చివర చిన్న కొండి కూడా ఉంది. దాని పొట్ట అడుగున దువ్వెన పళ్ళు ఉన్నాయేమోనని వంగి చూడబోయాను. తల్లి పట్టకార్లు పైకెత్తింది. మూత నెమ్మదిగా వేసి వచ్చేశాను.